అల్లుడుగారి కెమెరా

నేను ఇల్లరికపు అల్లుణ్ణి. ఈ మాట చెప్పగానే వినేవాళ్ళ పెదవుల మీద చిన్న నవ్వొకటి కదులుతుంది. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి వెంటనే చెరువుల గురించో వానల గురించో అడుగుతారు. నేనూ ఏమీ గమనించనట్టే జవాబు చెబుతాను.

మాది తాడేపల్లిగూడెం. ఇద్దరన్నదమ్ముల్లో చిన్నవాణ్ణి. డిగ్రీ అయ్యాక ఒక రైసుమిల్లు ఆఫీసులో లెక్కలు చూసేవాణ్ణి. ఏలూరులో ఒక ఇంట్లో ఒక్కతే కూతురు, ఆమెకు బ్యాంకులో ఉద్యోగం. వాళ్ళకు కొల్లేటి అంచున చేపల చెరువులున్నాయి, చూసుకోవడానికి మగపిల్లలు లేరు. అలా కుదిరింది సంబంధం. పెళ్ళయిన వారానికి నా బట్టలూ పుస్తకాలూ గూడెం నుంచి ఏలూరు చేరాయి. ఆ తర్వాత గూడానికి నేను చుట్టపుచూపుగా వెళ్ళేవాణ్ణి.

ఆ ఇంట్లో నన్ను ఎవరూ ఏనాడూ ఒక్క మాట అనలేదు. నా ఇబ్బంది అదే. మంచినీళ్ళ కోసం వంటింటి వైపు నడిస్తే అత్తగారు గ్లాసుతో ఎదురొచ్చేవారు. "మీకెందుకండీ శ్రమ, నేను తేనా?" అనేవారు. కూరల సంచి పట్టుకుంటే మామగారు చేతిలోంచి తీసుకునేవారు. "అబ్బే, మీరు పట్టుకుంటే ఎవరైనా చూస్తే బాగుంటుందాండీ?" నేను ఏ పని చెయ్యాలన్నా ముందు ఎవరో ఒకరికి మర్యాదగా సర్దిచెప్పాలి. చెయ్యకూడదనుకున్న పని మాత్రం ఇంకా మర్యాదగా నా మీదికి వచ్చేది. "మీకు వీలైతేనే, అల్లుడుగారూ, రేపు చెరువు మీదికి వద్దురుగాని" అని మామగారు అన్నారంటే, తెల్లారేసరికి ఆయన మోటారుసైకిలు తుడుచుకుని వాకిట్లో నిలబడి ఉంటారు. వీలు కాదని చెప్పే వీలు ఆ మాటలో ఎక్కడా ఉండదు.

కెమెరా నా చేతికి వచ్చింది మా అన్నయ్య గృహప్రవేశానికి గూడెం వెళ్ళినప్పుడు. ఉల్లిపాయల మార్కెట్టు వెనక సందులో, నా పదో తరగతి హాల్‌టికెట్టుకు ఫొటో దిగిన స్టూడియో ఉంది. ఆ రోజు దాని బోర్డు దింపుతున్నారు. అక్కడ సెల్‌ఫోన్ల కొట్టు వస్తోందట. స్టూడియో పెద్దాయన సామాను బయటపెట్టి కూర్చుని ఉన్నాడు. లైట్ల స్టాండ్లూ, తాజ్‌మహల్ పరదా, వాటి మధ్య ఒక నల్లటి పెట్టె కెమెరా. ముందు వైపు ఒకదాని మీద ఒకటి రెండు అద్దాలు. చేతిలోకి తీసుకున్నాను. పైమూత తెరిస్తే లోపల గరుకుటద్దం, అందులో సందంతా వెలుగుతూ కనిపించింది. గోడ, సైకిలు, ఉల్లిపొట్టు, వీధిలో పోయే మేక. మామూలు సందే. కానీ ఆ అద్దంలో అది ఎవరో శ్రద్ధగా గీసిపెట్టినట్టు ఉంది.

"ఇంక అది బొమ్మ కిందే లెక్క బాబూ. షోకేసులో పెట్టుకో, బాగుంటది" అన్నాడు పెద్దాయన.

నేను షోకేసులో పెట్టలేదు.

ఫిల్ము కోసం ఏలూరులో ఉన్న స్టూడియోలన్నీ తిరిగాను. "ఫిల్మాండీ! ఇంకా వస్తోందాండీ?" అని నవ్వారు. చివరికి చెన్నై నుంచి కొరియర్లో తెప్పించుకున్నాను. ఒక్కో రోలుకు పన్నెండే బొమ్మలు. మొదటి రోలు ఎక్కించడం రాక సగం వెలుతురు పాలయింది. రెండోదాంట్లో మీట తిప్పడం మరిచిపోతే ఒకే చోట రెండు బొమ్మలు పడ్డాయి. అత్తగారి తులసికోట మీద ఏలూరు కాలువ పారుతోంది అందులో. మూడో రోలుకు గాని ఒక సరైన ఫొటో రాలేదు. వంతెన కింద గొడుగు వేసుకుని గాలం వేస్తున్న ఒక ముసలాయన. ఆ నెగెటివును కిటికీకి పట్టుకుని చూసినప్పుడు కలిగిన సంతోషం నాకు ఇంట్లో ఎవరికీ చెప్పడం చేతకాలేదు.

కడగడం కూడా నేనే నేర్చుకున్నాను. నల్లగుడ్డ సంచిలో చేతులు దూర్చి, చూడకుండా, తడుముకుంటూ ఫిల్మును చుట్టకు ఎక్కించి డబ్బాలో పెట్టాలి. తర్వాత మందునీళ్ళు పోసి, మెల్లగా తిప్పుతూ, గడియారం చూసుకుంటూ ఉండాలి. ఇదంతా మా గది బాత్రూములో తలుపు వేసుకుని చేసేవాణ్ణి. మొదటిసారి చాలాసేపు బయటికి రాకపోయేసరికి, అత్తగారు తలుపు అవతల నిలబడి ఎంతో నెమ్మదిగా అడిగారు.

"అల్లుడుగారూ, కడుపులో బాగాలేదాండీ? వాము నీళ్ళు కాచి ఇమ్మంటారా?"

డబ్బా తిప్పడం ఆపకూడదు. మందు వాసన తలుపు సందుల్లోంచి పోతోంది. "బాగానే ఉందండీ" అన్నాను. ఆ సాయంత్రం నాకు పెరుగన్నం, దబ్బకాయ ముక్క మాత్రమే వడ్డించారు. నేనూ నోరుమూసుకుని తిన్నాను.

ఆ పెట్టె కెమెరాలో బొమ్మ చూడాలంటే దాన్ని పొట్టకు ఆనించి పట్టుకుని, తల వంచి చూడాలి. తల వంచుకోవడం నాకు అలవాటైన పనే కాబట్టి అది నా చేతుల్లో బాగా ఇమిడింది. పైగా అలా తల వంచి నిలబడితే, ఫొటో తీస్తున్నానని ఎదుటివాళ్ళకు తెలియదు. ఏదో పోగొట్టుకుని వెతుక్కుంటున్నాడనుకుంటారు. అందులో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. బోటు అటు పోతుంటే మనం ఇటు తిరగాలి. ఆ కాస్సేపూ చెరువు గురించీ, మేత బస్తాల గురించీ, ఎవరికి ఎలా సర్దిచెప్పాలన్న దాని గురించీ ఆలోచన ఉండేది కాదు.

మా ఆవిడకు మాత్రం ఓపిక లేదు. "మీ పెట్టెలో దిగిన నా ముఖం నేను చూసుకోవడానికి నెల పడుతోందండీ. అప్పటికి ఆ చీరే పాతబడిపోతోంది" అనేది. మా పెళ్ళిరోజుకు ఆమే ఒక ఇన్‌స్టంట్ కెమెరా కొనిచ్చింది. లేతనీలం ప్లాస్టిక్కుది, పిల్లల ఆటబొమ్మలా ఉంటుంది. నొక్కగానే గర్రుమని పైనుంచి తెల్లటి కార్డు బయటికొస్తుంది. కాసేపు అందులో ఏమీ ఉండదు. తర్వాత జుట్టు, కళ్ళు, చీర అంచు ఒక్కొక్కటే తేలుతాయి. మేమిద్దరం తలలు ఆనించుకుని ఆ కార్డు మీదికి వంగి చూసేవాళ్ళం. అవన్నీ బీరువా తలుపు లోపలివైపు అతికించుకుంది. బీరువా తీసినప్పుడల్లా మా ఇద్దరి కాపురం మాత్రమే ఉన్న చిన్న ఇల్లొకటి అందులో కనిపించేది.

మామగారు మాత్రం కెమెరాల జోలికి రాలేదు. ఆయన పొడుగ్గా, ఎండిన తాటిబద్దలా ఉంటారు. తక్కువ మాట్లాడతారు. ఒకరోజు నేను డాబా మీద గోరింకలను తీస్తుంటే కాసేపు చూసి, "ఎండలో మీకెందుకండీ శ్రమ. ఫోనులో బానే వస్తాయి కదండీ" అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు. కానీ తర్వాతి ఆదివారం నుంచి, సరిగ్గా నేను సంచి సర్దుకునే వేళకు, "మీకు వీలైతేనే" అన్న మాట వినిపించడం మొదలైంది.

ఇలా సంవత్సరాలు గడిచాయి. ఒకరోజు రైసుమిల్లులో నాతో పనిచేసిన స్నేహితుడు ఫోను చేశాడు. తణుకులో ఒక కాలేజీ ఆఫీసులో మంచి స్థానంలో ఉన్నాడు. "అకౌంట్సు చూడ్డానికి నమ్మకమైన మనిషి కావాలి. ఇల్లు కూడా ఇస్తారు. వస్తావా?" అన్నాడు. ఆ సాయంత్రం మా ఆవిడకు చెప్పాను.

"నేను ట్రాన్స్‌ఫర్ పెట్టుకోగలను. కానీ నాన్నగారికి మీరే చెప్పాలండీ. నేను చెబితే అది నా మాటవుతుంది, మీ మాట కాదు."

ఆ మాట నోట్లో పెట్టుకుని ఎన్నో వారాలు తిరిగాను. భోజనాల దగ్గర చెబుదామంటే అత్తగారు ఇంకో గరిటె పప్పు వేసేవారు. మోటారుసైకిలు మీద చెబుదామంటే గాలి. అవతల స్నేహితుడు తొందరపెడుతున్నాడు. ఈలోగా వానలు వచ్చాయి.

పైన ఎక్కడో కురిసిన వానకు బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేట్లోకి వస్తున్నాయని కబురు. మామగారు పొద్దున్నే బయల్దేరారు. "మీకు వీలైతేనే" అనడం కూడా మరిచిపోయారు. నేను వెనకెక్కాను. భుజాన సంచిలో రెండు కెమెరాలూ ఉన్నాయి. ఎందుకు తీసుకెళ్ళానంటే చెప్పలేను. కళ్ళజోడు పెట్టుకున్నట్టు అదొక అలవాటు అయిపోయింది.

చెరువు గట్టు మీద మాకొక మకాం ఉంది. కింద మేత బస్తాల గది, పైన ఒక చిన్న గది, ఆపైన డాబా. మేం వెళ్ళేసరికి పనివాళ్ళు గట్టు పొడవునా కర్రలు పాతి వలలు కడుతున్నారు, గట్టు మునిగినా చేపలు దాటిపోకుండా. మేమూ చెయ్యి వేశాం. మధ్యాహ్నానికి రోడ్డు మీదికి నీళ్ళొచ్చాయి. పనివాళ్ళకు తమ ఇళ్ళ బెంగ పట్టుకుంది. ట్రాక్టరు సిద్ధం చేసి, "రండి బాబుగారూ, ఇంక ఉండకూడదు" అని పిలిచారు.

మామగారు కదల్లేదు. "మీరెళ్ళండి అల్లుడుగారూ. నేను ఉంటాను."

"మీరు రాకుండా నేనెలా వెళ్తానండీ."

"నాకేమవుతుందండీ. మీకెందుకు శ్రమ."

"శ్రమేముందండీ. మీరు ఉంటే నేనూ ఉంటాను."

"అబ్బే, బాగుండదండీ."

మేమిద్దరం ఇలా ఒకరికొకరు మర్యాద చేసుకుంటూ ఉండగానే నీళ్ళు ట్రాక్టరు చక్రాల సగానికి వచ్చాయి. వాళ్ళు ఇంక ఆగలేక వెళ్ళిపోయారు. ఆ చప్పుడు దూరమయ్యాక గాని మాకు అర్థం కాలేదు, మర్యాదల మధ్య మేం ఏం పోగొట్టుకున్నామో.

సాయంత్రానికి కరెంటు పోయింది. ఫోను టవరు పోకముందు మా ఆవిడతో ఒక్కసారి మాట్లాడగలిగాను. "నాన్నగారి బీపీ మాత్రలు చొక్కా జేబులోనే ఉన్నాయా? ఉన్నాయి కదా? సరే, అయితే మీరిద్దరూ..." అంటుండగా తెగిపోయింది.

మర్నాడు చూస్తే చుట్టూ నీళ్ళు. చెరువేదో కొల్లేరేదో తెలియదు. మా గట్టు మాత్రం సన్నటి గీతలా మిగిలింది. దాని మీద కొంగలూ, మకాం మెట్ల మీద ఎక్కడెక్కడి నుంచో కొట్టుకొచ్చిన పాములూ. గుర్రపుడెక్క దిబ్బలు దిబ్బలుగా వచ్చి కింది గది తలుపును ఒత్తుతోంది. కింద నానిన మేత పులిసిన వాసన మెట్ల మీదుగా పైకి వస్తోంది. పై గదిలో గ్యాసు పొయ్యి, కొంచెం బియ్యం, మాగాయ, ఒక మంచినీళ్ళ టిన్ను ఉన్నాయి. రెండు నవారు మంచాలు వేస్తే గది నిండిపోయింది. ఒకరు లేస్తే ఇంకొకరు కాళ్ళు ముడుచుకోవాలి.

ఇన్నేళ్ళలో మామగారూ నేనూ ఒక గదిలో ఇద్దరమే కూర్చోలేదని అప్పుడు తెలిసింది. మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. ఆయన లేచి డాబా మీదికెళ్ళి గట్టు చూసి వచ్చేవారు. నేను లేచి వెళ్ళి అదే గట్టు చూసి వచ్చేవాణ్ణి. ఊపిరాడనట్టు అనిపించేది. బయట ఇంత నీళ్ళు, ఇంత ఆకాశం ఉన్నా, నేను ఏలూరు ఇంటి వసారాలోనే కూర్చున్నట్టు ఉంది. ఇంకా చెప్పాలంటే, ఆ వసారాకు కనీసం వీధిగుమ్మం ఉంది.

అన్నం వార్చడానికి నేను గిన్నె పట్టుకుంటే ఆయన లాక్కోబోయారు. "మీకెందుకండీ..." అని మొదలుపెట్టి, ఇక్కడ చూసేవాళ్ళెవరూ లేరని గుర్తొచ్చినట్టు వదిలేశారు. నేనే వార్చాను. ఆయన తలెత్తకుండా తిన్నారు.

తిన్నాక తోచక పెట్టె కెమెరా బయటికి తీశాను. మూత తెరిచి కిటికీ వైపు తిప్పుతుంటే ఆయన ఒక్కసారిగా అన్నారు.

"ఇప్పుడు కూడానా?"

'అండీ' లేకుండా ఆయన నాతో అన్న మొదటి మాట అది. ఆయనకూ తెలిసింది. తడబడి, "అంటే... ఇప్పుడు కూడానాండీ అని" అన్నారు. నాకు అవమానం అనిపించలేదు. ఎవరో బరువైన మూట ఒకటి కింద దించినట్టయింది.

"కూర్చుని ఏం చెయ్యమంటారండీ?" అన్నాను.

ఆయన పక్కకు వచ్చి నిలబడి, అద్దంలోకి తొంగిచూశారు. అప్పుడే గట్టు చివర పెద్ద గూడబాతు ఒకటి రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటోంది. ఆయన దాన్నే చూస్తూ ఉండిపోయారు. తల ఎత్తి నేరుగా దాన్ని చూశారు. మళ్ళీ అద్దంలో చూశారు.

"ఇందులో ఇంకోలా ఉందండీ" అన్నారు.

అదే అదను అనిపించింది. తల ఎత్తకుండా, అద్దంలోకి చూస్తూనే, తణుకు సంగతి మొత్తం చెప్పేశాను. ఉద్యోగం, ఇల్లు, మా ఆవిడ ట్రాన్స్‌ఫర్. ఎదురుగా ముఖం చూడక్కర్లేకపోవడం వల్ల మాటలు వరసగా వచ్చాయి. ఆయన విన్నారు. చెప్పడం అయిపోయాక కూడా గూడబాతు వైపే చూస్తున్నారు.

"నీళ్ళు తగ్గాక మాట్లాడుకుందామండీ" అన్నారు.

నీళ్ళు తగ్గలేదు. మరునాడు పొద్దున్న గట్టు జారింది. చప్పుడేమీ లేదు. కర్రలు ఒక్కొక్కటే వాలాయి, వల మెల్లగా నీటి మీద పరుచుకుంది, మట్టి చక్కెర కరిగినట్టు కరిగిపోయింది. ఆ గండి దగ్గర నీళ్ళు మరిగినట్టు కదిలాయి. చేపలు. రెండేళ్ళుగా మేత వేసి పెంచిన బొచ్చెలూ శీలావతులూ, వెన్నులు మెరిపించుకుంటూ, ఏ తొందరా లేకుండా వెళ్ళిపోతున్నాయి. ఆయన డాబా అంచున నిలబడి చూశారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన వదిలించుకోలేదు.

కాసేపయ్యాక ఆయన నా సంచి వైపు చూశారు. "ఫోన్లు చచ్చిపోయాయి కదండీ. నష్టపరిహారం కోసం ఆఫీసులో చూపించడానికి మీ దాంతో తీస్తారా?"

ఇన్నేళ్ళకు నా కెమెరాతో ఆయనకు పని పడింది. సంతోషించాలి. కానీ నాకు ఏడుపొచ్చింది. గండి తీశాను. వాలిన కర్రలు తీశాను. మునిగిన మేత గది తీశాను. ఆయన వెదురుకర్ర నీళ్ళలోకి దించి, ఎంత లోతో కనపడేలా పట్టుకుని నిలబడ్డారు. మామూలుగా అయితే ఒక్కో బొమ్మకు ఎంతో ఆలోచించే నేను, ఆ రోజు రోలంతా ఒక్క ఊపులో ఖర్చు పెట్టేశాను. ఆఖరి బొమ్మ తర్వాత మీట ఊరికే తిరిగింది.

ఆ తర్వాత ఆయన మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ మాట్లాడారు. నన్ను ఉద్దేశించి కాదు.

"నేను భీమవరం పక్కన ఉండి అనే ఊరి దగ్గర నుంచి వచ్చాను ఈ ఇంటికి. మీకు తెలుసు కదండీ."

తెలుసు. ఆయన కూడా ఇల్లరికమే. ఇల్లూ చెరువులూ అత్తగారి తరపువి. తెలిసిన సంగతే గాని, దాని గురించి నేను ఏనాడూ ఆలోచించలేదు. నా కంటికి ఆయన ఆ ఇంటి గోడలతో పాటు కట్టినవారు.

"వాలీబాల్ ఆడేవాణ్ణండీ. మా ఊరి టీముకు నేనే సర్వీసు. భీమవరం, ఆకివీడు, ఎక్కడ పందెం పెట్టినా పిలిచేవారు. నా సర్వీసు ఎత్తడం ఎవరివల్లా అయ్యేది కాదు. పెళ్ళయ్యాక ఇక్కడ కూడా సాయంత్రాలు వెళ్ళేవాణ్ణి. మా మామగారు చాలా పెద్దమనిషండీ. ఒక్క మాట అనలేదు. ఒకరోజు మాత్రం, 'ఎండలో మీకెందుకండీ శ్రమ' అన్నారు."

ఆగారు. తన నోటి నుంచి వచ్చిన మాట తనే విన్నట్టు ఆగారు. నా వైపు తిరగలేదు.

"అంతేనండీ. మరి వెళ్ళలేదు" అన్నారు.

తర్వాత లేచి కూర్చుని, కొత్తగా గుర్తొచ్చినట్టు అడిగారు.

"ఆ నీలం డబ్బాలో ఇంకా ఉన్నాయాండీ?"

రెండు కార్డులు మిగిలి ఉన్నాయి. వాన కాస్త తెరిపి ఇవ్వగానే డాబా ఎక్కాం. ఆయన చొక్కా సర్దుకుని, పంచె ఎగ్గట్టి, నీళ్ళకు వీపు పెట్టి నిలబడ్డారు. నేను నీలం కెమెరా కంటికి ఆనించుకున్నాను. ఎడమచేత్తో లేని బంతిని పైకి విసిరి, కుడిచెయ్యి పూర్తిగా ఎత్తారు. నొక్కాను. కార్డు గర్రుమని వచ్చింది. చలిగా ఉంది, బొమ్మ సరిగ్గా తేలదు. "చొక్కాలోపల పెట్టుకోండి, వెచ్చగా ఉండాలి" అన్నాను. ఆయన జ్వరం చూసుకునేవాళ్ళలా చంకలో బిగించుకుని నిలబడ్డారు.

తీసి చూస్తే మనిషి వచ్చారు గాని మోచేతి పైన ఏమీ లేదు.

"చెయ్యి ఏదండీ?"

"ఇందులో మనం చూసే కంత ఒకచోట, ఫొటో తీసే అద్దం ఒకచోట ఉంటుందండీ. దగ్గరగా నిలబడితే పైన తెగిపోతుంది."

"సర్వీసుకు చెయ్యే కదండీ ముఖ్యం! ముందే చెప్పొద్దూ!" అని కసిరారు. నిజంగానే కసిరారు. నేను నవ్వేశాను. ఆయనకూ నవ్వొచ్చింది. నేను మెట్ల గది గోడ దాకా వెనక్కి జరిగాను. ఆఖరి కార్డు అది.

"ఈసారి ఎగురుతాను" అన్నారు.

"వద్దండీ, మోకాళ్ళు..."

"మీరు చూసుకోండి, నొక్కండి."

ఎగిరారు. ఎంత ఎత్తో చెప్పలేను. పంచె గాలికి లేచింది. నొక్కాను. దిగగానే తూలి నా భుజం పట్టుకున్నారు. ఇద్దరం ఆ కార్డు మీదికి వంగి ఎదురుచూశాం. మొదట పంచె వచ్చింది, తర్వాత బూడిదరంగు నీళ్ళు, తర్వాత నోరు గట్టిగా బిగించిన ముఖం. పైన, తెల్లటి ఆకాశంలో, వేళ్ళన్నీ విప్పిన చెయ్యి. పాదాలు నేలను వదిలాయో లేదో అందులో తెలియదు. ఆయనే నిర్ణయించుకున్నారు, "వదిలాయండీ" అని.

ఆ తర్వాత, నీళ్ళ వైపు చూస్తూ, "మీరు తణుకు వెళ్ళండి. నేను అడ్డం రాను" అన్నారు.

ఇన్ని వారాలు ఎదురుచూసిన మాట. తీరా వచ్చేసరికి నేను కదల్లేకపోయాను. ఎదురుగా గండి పడిన చెరువు. పక్కన, నా భుజం ఇంకా వదలని ముసలిచెయ్యి. ఇన్నాళ్ళూ ఆయన వెళ్ళనివ్వరన్నది నాకు ఒక ఆసరాగా ఉందేమో. ఇప్పుడు వెళ్ళమంటున్నారు, వెళ్ళలేనిది నేనే. అంతకు ముందు కంటే ఆ డాబా ఇంకా ఇరుకైపోయింది.

"చూద్దామండీ" అన్నాను.

ఆ మధ్యాహ్నం లంక గ్రామం వాళ్ళు మంచినీళ్ళ టిన్నులు పంచుతూ పడవలో అటువైపు వచ్చారు. ఆయన కేక వేసి, భుజం మీది తువ్వాలు ఊపారు. పడవ ఎక్కేటప్పుడు నేను చెయ్యి అందిస్తే, "మీకెందుకండీ శ్రమ" అన్నారు. అని, చెయ్యి పట్టుకుని పడవలోకి దిగారు. ఏలూరు చేరేసరికి ఆయన మళ్ళీ మామగారైపోయారు, నేను మళ్ళీ అల్లుడుగారినైపోయాను. మా ఆవిడ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

మర్నాడు అత్తగారు ఉతకడానికి మామగారి చొక్కా జేబులు వెతుకుతుంటే ఆ కార్డు బయటపడింది. నాకు చూపించారు. "ఇదేంటండీ, ఈయన చెయ్యెత్తి ఎవరిని పిలుస్తున్నారు?"

మామగారు పేపరు లోంచి తల ఎత్తలేదు. "పడవనిలే" అన్నారు.

నేను కాఫీ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

రోలు కడిగాను. తేమకు సగం బొమ్మలు మసకబారాయి. మామగారు వెదురుకర్ర పట్టుకుని నిలబడిన బొమ్మ మాత్రం బాగా వచ్చింది. నేను తీసిన వాటిల్లో ఇప్పటికీ నాకు అదే ఇష్టం. అవన్నీ పెద్దవిగా ప్రింటు వేయించి పరిహారం కోసం మత్స్యశాఖ ఆఫీసుకు తీసుకెళ్ళాం. అక్కడి ఉద్యోగి ఒక్కొక్కటీ తిరగేసి, "చాలా బాగున్నాయండీ. కానీ ఫోనులో తీసినవి కావాలి, లొకేషను, తేదీ రావాలి కదండీ" అన్నాడు. మామగారు ఫొటోలు జాగ్రత్తగా కవర్లో పెట్టుకుని లేచారు. మెట్లు దిగుతూ, "బాగున్నాయన్నాడు కదండీ" అన్నారు.

తణుకు స్నేహితుడికి రాలేనని చెప్పాను. చెప్పాక రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. మా ఆవిడ, "మీరు నాన్నగారి కోసం ఆగారా, భయపడి ఆగారా?" అని అడిగింది. తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు. గట్టు మళ్ళీ పోయించాం, పిల్ల చేపలు వదిలాం. పొద్దున్నే మోటారుసైకిలు వెనక కూర్చుని అదే రోడ్డు మీద వెళ్ళడం, రావడం. కొన్ని రోజులు ఆ రోడ్డు ఎంత తిన్నగా ఉంటుందో చూస్తేనే మనసు బిగుసుకుపోయేది.

చేపలు వదిలిన నెలకు, ఒక శనివారం సాయంత్రం మామగారు నా గది గుమ్మం దగ్గర నిలబడ్డారు. లోపలికి రారు, ఎప్పుడూ గుమ్మం దగ్గరే.

"రేపటి నుంచి ఆదివారాలు చెరువు మీదికి రాకండి. నేను చూసుకుంటాను" అన్నారు.

"మీకు శ్రమ కదండీ."

"ఆయ్. నాకు శ్రమే" అని వెళ్ళిపోయారు.

మొదటి ఆదివారం మా ఆవిడా నేనూ రైలెక్కి గూడెం వెళ్ళాం. ఎక్కడికి వెళ్ళాలో తోచక వెళ్ళామంతే. మబ్బు పట్టి వెలుతురు బాగాలేదు. మార్కెట్టులో ఉల్లిబస్తాల మీద ఆమెను కూర్చోబెట్టి, ఫోకసు కుదరక చాలాసేపు కదలొద్దన్నాను. మెడ పట్టేసిందని కోప్పడింది. హమాలీలు నవ్వారు. రోలులో సగం కూడా అవలేదు. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, "వచ్చే వారం ఎక్కడికెళ్ళాలో నేను చెబుతాను. మీరు ఊరికే వెంట రండి" అంది. సరేనన్నాను. పెదవేగి వైపు పామాయిలు తోటల్లోకి వెళ్దామంటోంది, అక్కడ నీడ బాగుంటుందట. నీడలో ఈ ఫిల్ము సరిగ్గా రాదని చెప్పాలి.